బళ్ళారి రాఘవ: నడిగడ్డ నుంచి ఒక చూపు

గత సంవత్సరం మా కళాశాల వార్షికోత్సవానికి విద్యార్థులు కన్యాశుల్కంలో ఒక రంగం వేయాలని పూనుకున్నారు. మధురవాణి పాత్రకు ఒక అమ్మాయి ముందుకు వచ్చింది. చురుకైన పిల్ల, మూడు వారాలు శ్రద్ధగా సాధన చేసింది. ప్రదర్శన నాలుగు రోజులుందనగా తండ్రి వచ్చి, "మా పిల్ల పాట పాడితే పాడనీయండి సార్, ఉపన్యాసమిస్తే ఇయ్యనీయండి. గీ ఏషం మాత్రం వద్దు" అని నా చేతులు పట్టుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాడు. కూతుర్ని హైదరాబాదు పంపి ఎం.ఏ. చదివించాలని కలలు కంటున్న మనిషి. చివరకు రెండో ఏడు చదివే కుర్రవాడొకడు చీర కట్టుకుని మధురవాణి అయినాడు. అతను రంగస్థలం మీదికి రాగానే హాలంతా ఈలలు. గురజాడ మాటల్లో ఒక్కటీ నాలుగో వరుస దాటి వినపడలేదు.

ఆ రాత్రి కుర్చీలు సర్దిస్తూ వుంటే, చరిత్ర చెప్పే మిత్రుడు నన్నడిగాడు: "రాఘవ పోయి ఎన్నేళ్ళయింది సార్?" లెక్క వేశాను. డెబ్భై ఏళ్ళు ఎప్పుడో దాటిపోయినాయి. ఆ ప్రశ్నే నాచేత ఈ వ్యాసం వ్రాయిస్తున్నది.

బళ్ళారి రాఘవను గురించి మన పుస్తకాలలో వున్నదంతా చాలావరకు ప్రశస్తి. యూరపు వెళ్ళివచ్చాడు, బెర్నార్డ్ షాను కలుసుకున్నాడు, దీనబంధు కబీరు నాటకం చూసి గాంధీజీ మెచ్చుకున్నాడు - ఇట్లా సాగుతుంది ఆ వ్రాత. చదివిన విద్యార్థికి రాఘవ గొప్పవాడని తెలుస్తుంది గాని ఏం చేసి గొప్పవాడైనాడో తెలియదు. పూర్వం విద్వాంసునికి ఏ సంస్థానంలో ఎన్ని శాలువాలు కప్పారో లెక్కపెట్టేవాళ్ళం. ఇప్పుడు నటునికి ఏ మహానుభావుడు యోగ్యతాపత్రం ఇచ్చాడో లెక్కపెడుతున్నాం. ఆ పద్ధతి నాకు రుచించదు. రాఘవ ఏ నేల మీద నిలబడి నటించాడు, తన కాలపు రంగస్థలంలో దేనిని కాదన్నాడు, ఎక్కడిదాకా పోయి ఆగాడు అన్నవి నాకు ముఖ్యంగా కనిపిస్తున్నాయి. ఇవి నేనుండే ఈ నేల మీదనుంచి చూస్తే ఒక విధంగా తేటపడతాయని కూడా నాకు అనిపిస్తుంది.

నేనుండేది పాత మహబూబునగరు జిల్లా దక్షిణ భాగం. 2016 అక్టోబరులో ఆ జిల్లాను విడగొట్టినప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేరువేరు జిల్లాలైనాయి. గద్వాల, అలంపురం వున్న భాగాన్ని మావాళ్ళు నడిగడ్డ అంటారు. ఒకవైపు కృష్ణ, మరొకవైపు తుంగభద్ర, నడుమ వున్న గడ్డ. గద్వాలలో రైలెక్కి కర్నూలు, డోను, గుంతకల్లు మీదుగా బళ్ళారి చేరవచ్చు; ఒక పగటి ప్రయాణం. కాని రాఘవ నటించిన రోజులలో ఆ ప్రయాణం రెండు రాజ్యాల మధ్య ప్రయాణం. తుంగభద్రకు ఇవతల నిజాం రాజ్యం, అందులో గద్వాల, వనపర్తి వంటి సంస్థానాలు; అవతల మద్రాసు రాజధాని, కలెక్టరు కచ్చేరీ, జిల్లా కోర్టు. ఒకే భాష మాట్లాడే జనం మధ్య ప్రవహించిన ఈ నది రంగస్థలాన్ని కూడా రెండు పాయలుగా చీల్చింది.

ముందు ఇవతలి ఒడ్డు సంగతి చెబుతాను. గద్వాలకు విద్వద్గద్వాల అని పేరు. కార్తిక మాఘ మాసాలలో ఇక్కడ పండితసభలు జరిగేవి. దూరదూరాలనుంచి కవులు, శాస్త్రులు వచ్చి పరీక్షకు నిలిచి, వార్షికాలు పుచ్చుకుని వెళ్ళేవారు. తిరుపతి వెంకట కవులు ఈ ప్రాంతపు సంస్థానాలు తిరిగి అవధానాలు చేసినవారే. నానారాజ సందర్శనమని ఆ తిరుగుళ్ళ మీద ఒక పుస్తకమే వుంది. రాజు ఎదుట నిలబడి, గొంతెత్తి, పద్యం ఒక్క ఊపులో చెప్పి, సభచేత శభాషనిపించుకోవడం ఆ విద్య. దీన్ని నేను తక్కువ చేయడం లేదు. అయితే ఆ జంట కవులే తరువాత పాండవోద్యోగ, పాండవ విజయ నాటకాలు వ్రాశారు. ఆ పద్యాలు రంగస్థలం ఎక్కినప్పుడు సంస్థానసభ వాసనతోనే ఎక్కాయి. నాటకంలో కృష్ణుడు దుర్యోధనునితో మాట్లాడవలసినచోట, నటుడు దుర్యోధనునికి వీపు తిప్పి ప్రేక్షకులవైపు తిరిగి, హార్మోనియం అందుకోగానే రాగం తీసేవాడు. వన్స్‌మోర్ అని కేక వస్తే చచ్చిన పాత్ర కూడా లేచి మళ్ళీ పాడి మళ్ళీ చచ్చేది. ఇది హాస్యానికి అంటున్న మాట కాదు. మా పల్లెల్లో జాతరకు వేసే హరిశ్చంద్రలో, కురుక్షేత్రంలో ఇప్పటికీ పద్యానికే చదివింపులు. నటనకు చదివింపులు నేను చూడలేదు.

వనపర్తి విషయం ఇంకా విచిత్రం. ఆ సంస్థానాన్ని ఆశ్రయించి పనిచేసిన మానవల్లి రామకృష్ణకవి తాళపత్రాల వేటలో దిట్ట. నన్నెచోడుని కుమారసంభవాన్ని 1909లో వెలికి తెచ్చి మన సాహిత్య చరిత్రలో పెద్ద దుమారం లేపినవాడు. ఆయనే తరువాత భరతుని నాట్యశాస్త్రాన్ని అభినవగుప్తుని వ్యాఖ్యతో సహా పరిష్కరించాడు. మొదటి సంపుటం 1926లో బరోడా నుంచి వెలువడింది. నటన అంటే ఏమిటో చెప్పే గ్రంథాలలో ఈ దేశంలో దానిని మించినది లేదు. దానిని పునరుద్ధరించిన పండితుడు వనపర్తిలో మసలినవాడు. అయినా వనపర్తిలో గాని గద్వాలలో గాని ఆధునిక నటుడు పుట్టలేదు. శాస్త్రం వున్నచోట నటుడు లేకపోయాడు. నటుడు పుట్టినచోట ఆ శాస్త్రంతో పనిపడినట్టు కనపడదు.

ఇవతలి ఒడ్డున నటులే లేరా అంటే, వున్నారు. రాజుగారి సభలో కాదు, వాడల్లో వున్నారు. ముఖాన అర్దళం పూసుకుని, భుజకీర్తులు కట్టుకుని, దివిటీల వెలుగులో తెల్లవార్లు భాగోతం ఆడిన చిందువాళ్ళున్నారు. కథ చెప్పే బుడగజంగాలున్నారు. కిన్నెర మెట్ల మీద పండుగ సాయన్న కథను మోయించిన దక్కలివాళ్ళున్నారు. నాగర్‌కర్నూలు జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వస్తే, ఆ పన్నెండు మెట్ల కిన్నెర సంగతి పట్నంవాళ్ళకు తెలిసింది. ఆయన తాతముత్తాతలకు సంస్థానంవారు వార్షికం ఇచ్చి వుంటే, మన సాహిత్య చరిత్ర ఏమయి వుండేదో! అవధానికి శాలువా, ఆటగానికి పాతగుడ్డ. భూస్వామ్య వ్యవస్థలో కళల మధ్య అంతరం కులాల మధ్య అంతరానికి నకలుగానే వుంటుంది.

ఇక అవతలి ఒడ్డు. బళ్ళారిలో రాజు లేడు. దండు వుంది, కోర్టు వుంది, ఇంగ్లీషు బడి వుంది. తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే వీధిలో వినిపించే ఊరు. ఆ ఊళ్ళో ప్లీడర్లు నాటక సమాజాలు పెట్టారు. ధర్మవరం రామకృష్ణాచార్యులు (1853-1912) ప్లీడరు. సరసవినోదిని సభ ఆయనది. చిత్రనళీయం వంటి నాటకాలు వ్రాసి, ఆడించి, తానే వేషం కట్టి, ఆంధ్ర నాటక పితామహుడనిపించుకున్నాడు. పద్యాలు, పాటలు రాగయుక్తంగా పాడే పద్ధతిని మన నాటకంలో నాటినవాడు కూడా ఆయనే. కోలాచలం శ్రీనివాసరావు (1854-1919) కూడా ప్లీడరే. సుమనోరమ సభ ఆయనది. చరిత్ర నాటకాలు వ్రాయడంలో ఆసక్తి. ఈ రెండు సభల పోటీ బళ్ళారికి చేసిన మేలు అంతా ఇంతా కాదు. ఈ నాటకాలకు రాజు అనుగ్రహం అక్కరలేదు; టిక్కెట్టు కొనే గుమాస్తా, ఉపాధ్యాయుడు, వర్తకుడు చాలు. కొత్త మధ్యతరగతి తన్ను తాను చూచుకోవడానికి పెట్టుకున్న అద్దం ఆ రంగస్థలం.

ఇదే పని ఇవతల ఎందుకు జరగలేదు అని అడగవచ్చు. నిజాం రాజ్యంలో నలుగురు కూడి సభ పెట్టుకోవాలన్నా ముందుగా సర్కారు అనుమతి కావాలి. గస్తీ నిషాన్ 53 అనే ఆ ఉత్తరువు పేరు మా తాతల తరంవారికి బాగా తెలుసు. సురవరం ప్రతాపరెడ్డి మా నడిగడ్డ మనిషే. ఆయన ఊరు ఇటిక్యాలపాడు. మద్రాసులో చదివాడు, న్యాయవాద పట్టా పుచ్చుకున్నాడు, నాటకాలు కూడా వ్రాశాడు. బళ్ళారిలో పుట్టి వుంటే ఒక నాటక సమాజం పెట్టేవాడేమో. ఇక్కడ ఆయన 1926లో గోలకొండ పత్రిక పెట్టవలసివచ్చింది. 1930లో జోగిపేటలో నిజామాంధ్ర మహాసభకు అధ్యక్షత వహించవలసివచ్చింది. తెలుగులో మాట్లాడడమే పోరాటమైనచోట, ఎట్లా మాట్లాడితే సహజంగా వుంటుందనే నటుని ప్రశ్నకు వేళ ఎక్కడిది?

1880 ఆగస్టు 2వ తేదీన తాడిపత్రిలో రాఘవ పుట్టాడు. తండ్రి నరసింహాచార్యులు బళ్ళారిలో తెలుగు పండితుడు. ధర్మవరం రామకృష్ణాచార్యులు స్వయానా మేనమామ. కాబట్టి తెరవెనుక వాసన పసితనంనుంచే ఎరుగును. బళ్ళారిలో చదివి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టా పుచ్చుకుని, న్యాయశాస్త్రం చదివి తిరిగివచ్చి వకీలయినాడు. క్రిమినలు కేసుల్లో పేరు, డబ్బు రెండూ సంపాదించాడు. తరువాత పబ్లిక్ ప్రాసిక్యూటరు అయినాడు. అభ్యుదయ భావాలుగల మనం ఈ చివరి సంగతి దాచిపెట్టనక్కరలేదు. రాఘవ విప్లవకారుడు కాడు. ఆంగ్ల ప్రభుత్వ న్యాయస్థానంలో సర్కారు తరఫున నిలబడి వాదించినవాడు. కాని ఆ న్యాయస్థానమే ఆయనకు ఒక విద్య నేర్పిందని నా అభిప్రాయం. సాక్షి నిజం చెబుతున్నాడా, అబద్ధం చెబుతున్నాడా అన్నది మాటలో కంటె ముఖంలో, మాటకు ముందు పట్టే నిశ్శబ్దంలో, చేతివేళ్ళలో బయటపడుతుంది. దినమూ బోనులో మనుషులను అట్లా చూసే మనిషికి రాగాలు తీసే హరిశ్చంద్రుడు అబద్ధపు సాక్షిలాగా కనిపించడంలో వింత లేదు.

ఆయనకు మొదట గొప్ప పేరు తెచ్చిన పాత్రలలో కోలాచలం రామరాజు చరిత్రలోని పఠాను రుస్తుం ఒకటి. మేనమామ సభలో పెరిగినవాడు మేనమామకు పోటీ అయిన నాటకకర్త పాత్రతో వెలిగాడన్నమాట! ఆ నాటకం విజయనగర పతనాన్ని గురించినది. 1565లో కృష్ణ ఒడ్డున జరిగిన రక్కసి తంగడి యుద్ధం, అంతకు ముందు తరతరాలుగా ఈ రెండు నదుల నడిమి భూమికోసం విజయనగరానికీ సుల్తానులకూ జరిగిన కొట్లాటలు మా నడిగడ్డవారికి పుస్తకాల చరిత్ర కాదు. కోటల మొండిగోడలు ఇప్పటికీ చేలల్లో వున్నాయి. హంపికి ఆమడల దూరంలో వున్న బళ్ళారిలో, హిందూ సామ్రాజ్యం కూలిపోయిందని కన్నీరు పెట్టడానికే వచ్చిన ప్రేక్షకుల ముందు, ఒక ఆచార్యుల ఇంటి కొడుకు పఠానుగా నిలబడ్డాడు. పఠానును మీసం మెలివేసే రాక్షసునిగా చూపించి చప్పట్లు కొట్టించుకోవడం సులభమైన దారి. రాఘవ ఆ పాత్రను మనిషిగా నిలబెట్టాడు గనుకనే, రామరాజు కంటె రుస్తుం ఎక్కువ కాలం జనం జ్ఞాపకంలో మిగిలాడు. ఈ రోజుల్లో తెరమీద చరిత్రను ఎట్లా చూపిస్తున్నారో ఎరిగిన పాఠకులకు దీని విలువ నేను విప్పి చెప్పనక్కరలేదు.

ఆయన నటనలోని కొత్తదనాన్ని భరతుని మాటల్లోనే చెప్పవచ్చును. అభినయం నాలుగు విధాలు: ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. ఆనాటి మన రంగస్థలం ఆహార్యంతో మెరిసింది, వాచికాన్ని సంగీతానికి తాకట్టు పెట్టింది. జరీ అంగీ, కిరీటం, కత్తి, ఆరున్నర శ్రుతి - ఇవి వుంటే నటుడు. రాఘవ ఈ వరుస తిరగేశాడు. పద్యాన్ని రాగంకోసం సాగదీయక, అర్థం విరిగేచోట విరిచి, మాటలాగా చెప్పాడు. అవసరమైతే పద్యాన్నే వదిలి వచనం పట్టుకున్నాడు. పక్కపాత్ర మాట్లాడుతున్నప్పుడు తానూ పాత్రగానే వుండి వినడమన్నది ఆయన రంగస్థలానికి నేర్పిన పెద్ద పాఠం. వినడానికేముంది అనుకోవచ్చు. మా విద్యార్థులతో నాటకం వేయించేటప్పుడు నాకు అన్నిటికంటె కష్టమయ్యేది ఇదే. తన వంతు రాగానే దీపంలాగా వెలిగి, వంతు అయిపోగానే ఆరిపోతారు. దుర్యోధనుడు, హిరణ్యకశిపుడు, చాణక్యుడు వంటి పాత్రలు రాఘవ చేతిలో పడి కొత్తవయినాయంటే, కారణం ఆ పాత్రలు మాట్లాడనప్పుడు కూడా రంగస్థలం మీద బ్రతికి వుండడమే. పద్యనాటకాభిమానులు ఆయనకు గొంతు లేదు గనుక ఈ వేషాలు వేశాడని ఎత్తిపొడిచారు. ఇప్పటికీ పొడుస్తారు. గొంతు బాగున్నవాళ్ళు వందమంది వుండగా, ఆ కాలం నుంచి నటుడుగా ఈయన పేరే ముందు ఎందుకు చెబుతున్నామో వారే చెప్పాలి.

ఇంచుమించు అదే కాలంలో రష్యాలో స్తానిస్లావ్‌స్కీ ఇదే పనిమీద వున్నాడు. 1898లో మాస్కో కళానాటకశాల స్థాపించి, చేహోవ్ నాటకాలతో నటులకు రంగస్థలం మీద బ్రతకడం నేర్పాడు. పోలిక అంతటితో ఆపాలి. స్తానిస్లావ్‌స్కీకి నెలల తరబడి సాధనలున్నాయి, శిష్యులున్నారు, నిలకడగల నాటకశాల వుంది. రాఘవకు కోర్టు సెలవులున్నాయి! మన దేశంలోనే, వంగదేశంలో శిశిరకుమార భాదురి 1921లో కళాశాల ఉద్యోగం వదిలి వృత్తినటుడైనాడు; అందులో వుండే అప్పులూ అవమానాలూ కూడా భరించాడు. రాఘవ వకీలు వృత్తి వదలలేదు. నటన ఆయనకు జీవనోపాధి కాదు. కంట్రాక్టరుకు లొంగనక్కరలేదు, వన్స్‌మోరు కేకకు జడవనక్కరలేదు. ఇది ఆయన బలం. ఆయన తరువాత ఆ పద్ధతిని నిలబెట్టే బృందం గాని పాఠశాల గాని మిగలకపోవడం దానివల్లనే వచ్చిన బలహీనత. కక్షిదారుల ఫీజుతో నడిచిన కళావిప్లవం కక్షిదారులతోపాటే ఇంటికి పోయింది. నా మాట కటువుగా వుంటే వుండనీయండి. గొప్పవాడు గనుకనే ఇంత నిక్కచ్చిగా అడుగుతున్నాను.

ఇక స్త్రీ పాత్రల విషయం. స్త్రీ వేషం స్త్రీయే కట్టాలని రాఘవ పట్టుబట్టాడు. ఆనాటికి మగవాడు స్త్రీ వేషం కట్టడం ఒక మహాకళ. స్థానం నరసింహారావు (1902-1971) సత్యభామగా వస్తే ఆడవాళ్ళే ఆ నడక చూసి నేర్చుకున్నారని చెప్పుకునేవారు. 1956లో పద్మశ్రీ ఇచ్చి దేశం ఆయనను గౌరవించింది. ఆ కళను నేను నిందించను. కాని రాఘవ అడిగింది కళ విషయం కాదు, సత్యం విషయం. మగవాడు ఎంత బాగా ఒదిగినా అది మగవాడు ఊహించుకున్న స్త్రీ. సాంఘిక నాటకంలో భర్తను ప్రశ్నించే భార్య వస్తే ఆ ఊహ చాలదు.

ఇక్కడ మన చరిత్రకారులు చేసే ఒక పొరపాటు సవరించాలి. తెలుగు రంగస్థలం మీదికి మొట్టమొదట స్త్రీలను రాఘవ తెచ్చాడని వ్రాస్తారు. కాదు. 1885లో కడప జిల్లా సురభిలో వనారస గోవిందరావు పూనికతో మొదలైన కుటుంబ నాటకాలలో ఆ ఇంటి ఆడవాళ్ళు వేషాలు కట్టారు. చిందు భాగోతంలో ఆడవాళ్ళు ఎప్పటినుంచో ఆడుతున్నారు. నిజామాబాదు ప్రాంతపు చిందు ఎల్లమ్మ పేరు ఎరగనివారు జానపద కళల విద్యార్థులలో వుండరు. భోగంవారి ఆటపాటల సంగతి చెప్పనే అక్కరలేదు. పేద కులాల ఆడది వేషం కడితే ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. అది ఆమె కులధర్మమట! అభ్యంతరమల్లా చదువుకున్న ఇంటి ఇల్లాలు చదువుకున్న పరాయి మగవాని పక్కన నిలబడి మాట్లాడడానికి. రాఘవ బద్దలుకొట్టింది ఆ తలుపును. అది చిన్న పని కాదు. అయినా అది ఏ ఇంటి తలుపో గుర్తుపెట్టుకోవాలి.

తలుపు తెరిచినంత మాత్రాన ఎవరో ఒకరు గడప దాటాలి గదా! దాటినవారిలో కొమ్మూరి పద్మావతీదేవి ముఖ్యురాలు. రచయిత్రి, చలంగారి తమ్ముని భార్య. పి.వి. రాజమన్నారు వ్రాసిన తప్పెవరిది నాటకంలో రాఘవతో కలిసి నటించింది. రాజమన్నారు కూడా న్యాయవాదే. తరువాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, 1953లో ఏర్పడిన కేంద్ర సంగీత నాటక అకాడమీకి మొదటి అధ్యక్షుడు. తప్పెవరిది అన్న పేరే ఒక కేసు విచారణలాగా వుంది చూడండి. కిరీటాలు లేవు, యుద్ధం లేదు. ఒక ఇల్లు, ఒక భర్త, ఒక భార్య. ఆ ఇంటిలో స్త్రీ తప్పు చేస్తే నేరం ఎవరిదని అడిగే నాటకం. ఇటువంటి నాటకానికి రాఘవ నటన కావాలి, రాఘవ నటనకు ఇటువంటి నాటకం కావాలి. ఇద్దరికీ పద్మావతీదేవి కావాలి. నాటకం ముగిశాక రాఘవకు నటశేఖరుడని పొగడ్తలు. పద్మావతీదేవికి? ఆ రోజుల్లో సంసార స్త్రీ నటించి ఇంటికి తిరిగివెళ్ళడమంటే ఏమిటో, వీధి అరుగుల మీద ఏం మాట్లాడుకునేవారో మా విద్యార్థిని తండ్రి నా చేతులు పట్టుకున్న సాయంకాలం నాకు కొంత తెలిసింది. రాఘవ తనకున్న పరువును పెట్టుబడిగా పెట్టాడు. ఆమెలాంటివారు పరువునే పణంగా పెట్టారు. ఆయన పేరున పురస్కారాలున్నాయి, బళ్ళారిలో కళామందిరం వుంది, తపాలా బిళ్ళ కూడా వచ్చింది. ఈ స్త్రీల పేర్లు మా ఎం.ఏ. పాఠ్యగ్రంథాలలో ఒక్క పంక్తి కూడా దాటవు.

చివరి దశలో రాఘవ మూడు సినిమాలలో కనిపించాడు: ద్రౌపదీ మానసంరక్షణం (1936), రైతుబిడ్డ (1939), చండిక (1940). మొదటిదాన్నీ మూడోదాన్నీ గురించి పెద్దగా చెప్పుకోవలసింది లేదు. రైతుబిడ్డ వేరు. గూడవల్లి రామబ్రహ్మం తీసిన ఆ చిత్రంలో రాఘవ ఒక చిన్న రైతు, నర్సిరెడ్డి. జమీందారీల మీద విచారణ జరిపిన ప్రకాశం కమిటీ నివేదిక వచ్చి ఏడాది కూడా నిండని సమయం. సినిమాకు డబ్బు పెట్టినవాడు చల్లపల్లి జమీందారు కావడం చరిత్ర చేసే కొంటెపనుల్లో ఒకటి. ఆయనకు వేరే జమీందార్లతో రాజకీయ వైరం. బొబ్బిలి, వెంకటగిరి జమీందార్లు మండిపడ్డారు, కొన్నిచోట్ల ప్రదర్శన ఆపించారు. దాదాపు అరవై ఏళ్ళ వయసులో, జీవితమంతా రాజులనూ రాక్షసులనూ వేసిన నటుడు తలపాగా చుట్టుకుని రైతుగా నిలబడ్డాడు. సర్కారు వకీలు సర్కారుకు పన్ను కట్టేవాని పక్షం వచ్చాడని నేను అతిగా చెప్పను. ఆయన రాజకీయాలు మారినాయో లేదో గాని, ఆయన నటన పోవలసినచోటికే పోయింది. కిరీటం తీసివేస్తే మిగిలే మనిషికోసం ముప్ఫై ఏళ్ళు వెతికినవానికి చివరకు రైతు ఎదురయినాడు.

1946 ఏప్రిల్ 16న రాఘవ మరణించాడు. అదే సంవత్సరం జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఈ రెండు సంఘటనలకూ సంబంధం ఏమీ లేదు. అయితే మరుసటి ఏడు సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు ఆ తెలంగాణా రైతును నాయకుణ్ణి చేసి మా భూమి వ్రాశారు. ప్రజానాట్యమండలి దళాలు దానిని ఊరూరా ఆడాయి. మద్రాసు ప్రభుత్వం నిషేధించేదాకా ఆడాయి. డాక్టరు గరికపాటి రాజారావు వంటివారు నడిపిన ఆ మండలిలో హార్మోనియం పద్యం లేదు, జరీ అంగీ లేదు. ఆడవాళ్ళున్నారు. మోటూరి ఉదయం బుర్రకథ దళం కట్టి వేలమంది ముందు కథ చెప్పింది. రాఘవ కోర్టు సెలవుల్లో ఒంటరిగా చేసిన పనిని ఈ దళాలు నెలల తరబడి, జనం పెట్టిన అన్నం తిని, పోలీసుల దెబ్బలు తిని, సమష్టిగా చేశాయి. ఇవతలి ఒడ్డు వాడల్లో మిగిలిపోయిన కథాగానం, అవతలి ఒడ్డు ప్లీడరు తెచ్చిన సహజనటన, ఈ రెండూ ఒకే వేదిక మీద కలిసింది అక్కడే. సంస్థానంలో కాదు, కోర్టు ఆవరణలో కాదు.

1953లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చి, బళ్ళారి తాలూకా మైసూరుకు పోయింది. అప్పటినుంచి రాఘవ ఎవరివాడన్న తగవు కూడా అడపాదడపా వినిపిస్తుంది. కన్నడంలోనూ నటించిన మనిషి గనుక వారూ తమవాడంటారు. అననీయండి. తెలుగువాళ్ళం మనవాడంటూనే ఆయన చెప్పినదానిలో ఎంత పాటిస్తున్నామో చూచుకుంటే ఆ తగవు దానంతటదే చల్లారుతుంది.

ఈ ఏడు మా విద్యార్థులు మళ్ళీ కన్యాశుల్కమే వేస్తామంటున్నారు. మధురవాణికి ఇద్దరు అమ్మాయిలు పేర్లిచ్చారు. అందులో ఒకతె నిరుడు మానుకున్న పిల్లే. ఈసారి తండ్రితో తానే మాట్లాడుతుందట, నన్ను రావద్దన్నది. ఇంకా జవాబు రాలేదు. సాధన సోమవారం నుంచి.